కోరస్‌లో కూతురి గొంతు

కండె బాబాయిని వెనకనుంచి పిలిచి లాభం లేదు. ఆ సంగతి వాళ్ల వీధిలో అందరికీ తెలుసు. చెవిటివాడి ముందు శంఖం ఊదిన సామెత ఈయన్ని చూసే పుట్టిందని భార్య ఎత్తిపొడుస్తుంది గానీ, ఆయన మరీ అంత చెవిటివాడేం కాదు. పెళ్లికి ముందునుంచీ మరమగ్గాల షెడ్డులో పని. ఆ రొదకి చెవులు సగం అరిగిపోయాయి, అంతే. ఎదురుగా నిలబడి మాట్లాడితే మాట పొల్లుపోకుండా అందుకుంటాడు. వెనకనుంచయితే భుజం తట్టాలి, లేదా గదిలో లైటు ఆర్పి వెలిగించాలి.

నూలు చుట్టే పుల్లని కండె అంటారు. అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకునే చోట ఈయన ఖాళీ కండె పెట్టుకుని తిరుగుతాడు. మాట్లాడేటప్పుడు దాన్ని తీసి బల్లమీద టకటకా కొట్టడం అలవాటు. అందుకే ఆ పేరు.

షెడ్డులో మగ్గాలు నడుస్తుంటే గొంతు చించుకుని అరిచినా పక్కమనిషికి వినపడదు. కాబట్టి అక్కడివాళ్లు గొంతు వాడరు. పెదవులు కదుపుతారు, అవతలివాళ్లు చూసి చదువుకుంటారు. కండె బాబాయి భార్యది కూడా అదే షెడ్డు. అదే అలవాటు ఇంటికీ వచ్చేసింది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం ఎంత పోట్లాడుకున్నా పక్కింటికి చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా వెళ్లదు. గిన్నె విసిరితే తప్ప గొడవ అవుతోందని ఎవరికీ తెలియదు.

ఇక వాళ్లకున్న ఒక్కగానొక్క కూతురు. బడిలో వేసిన రోజు టీచరు పేరడిగితే పెదవులు మాత్రం కదిపి ఊరుకుంది. పాపం ఆ టీచరు హడలిపోయి, పిల్లకి మాట రాదా అని ఇంటికి కబురు పెట్టింది. అలాంటి పిల్ల ఎదురింటి సంగీతం మేడం దగ్గర చేరి పాట నేర్చుకుంది. విచిత్రం కాకపోతే ఏమిటి? ఆ పిల్ల ఎక్కడ పాడినా కండె బాబాయి అందరికంటే ముందు వెళ్లి, ముందు వరసలో, సరిగ్గా నడిమధ్య కుర్చీ పట్టుకునేవాడు. ఎవరైనా పక్కకి జరగమంటే కొట్లాటకి దిగేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా.

ఆ పిల్లకి ఇప్పుడు సినిమా పాటలో కోరస్ పాడే అవకాశం వచ్చింది. ఆరుగురు ఆడపిల్లల్లో తనొకతి. పాట బయటికొచ్చిన రోజు షెడ్డులో టీ విరామానికి మగ్గాలాపగానే మేస్త్రీ తన ఫోన్లో పెట్టాడు. అందరూ చుట్టూ మూగారు.

"ఇంతకీ ఇందులో మీ అమ్మాయి గొంతేది బాబాయ్?" అన్నాడు మేస్త్రీ.

కండె బాబాయి కండె తీసి టీ బల్లమీద ఒక్కటిచ్చుకున్నాడు. "కన్నతండ్రిని రా నేను. ఆరుగురు కాదు, వందమందిలో ఉన్నా పట్టేస్తాను. నిద్రలో లేపి వినిపించు, చెబుతాను."

గొప్పలు చెప్పడానికేం, నోరుంటే చాలు. సాయంత్రం ఇంటికొచ్చి, చెవుల్లో చవక ఇయర్‌ఫోన్ వైరు ముక్కలు దూర్చుకుని ఆ పాట మళ్లీ మళ్లీ విన్నాడు. ఏముంది, డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టుంది. ఎదురుగా కూతురు గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చుంది. షెడ్డులో చెప్పిన గొప్పలు అప్పటికే తల్లి నోట ఇంటికొచ్చేశాయి.

"ఏది నాన్నా నేను?" పెదవులు అడిగాయి.

"ఈ డొక్కువాటిలో ఆరు గొంతులూ ముద్దయిపోయాయే. మంచి యంత్రం ఉంటేనా, చిటికెలో చెప్పేవాణ్ణి."

తప్పించుకోవడానికి అన్న మాట అది. కూతురు మాత్రం ఎగిరి గంతేసింది. తన మొదటి సంపాదనతో నాన్నకి ఏం కొనాలా అని కొట్టుమిట్టాడుతున్న పిల్ల. "అయితే ఆదివారం హెడ్‌ఫోన్లు కొందాం. నేను బాగా వినపడేవి నువ్వే ఎంచుకో" అంది.

ఆదివారం వచ్చేదాకా కండె బాబాయి కాలు ఒకచోట నిలవలేదు. భయమూ ఉంది, అంతకు రెండింతలు సరదా ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందు గుమ్మంలో నిలబడ్డాడు. కండె జేబులో పెట్టుకుంటుంటే భార్య గుర్రుగా చూసింది. ఆయన చూడనట్టు నటించాడు.

షాపు నడి బజారులో ఉంది. గాజు తలుపు, లోపల గోడనిండా హెడ్‌ఫోన్లు. షాపు పెద్దాయన నెరిసిన గడ్డంతో, తొందరలేని మనిషి. అన్నీ విని, మొదటి జత చేతికిచ్చాడు. పాట మొదలైంది. కండె బాబాయి సగం పాటకే తీసేసి రెండోది పెట్టుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

"ఇదే. ఇది బ్రహ్మాండం. ఇది కట్టేయండి సారూ."

పెద్దాయన నవ్వి, ఆయనకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "బాబాయి గారూ, రెండోది బాగుందనిపించడానికి కారణం నేను చెప్పనా? అది కాస్త గట్టిగా మోగుతోంది. గట్టిగా మోగేది ఏదైనా మన చెవికి మంచిదనే అనిపిస్తుంది. రెండిటి మోతా సమానం చేసి, అదే పాట, అదే ముక్క వినండి. అప్పుడు చెప్పండి."

మోత సమానం చేసి చూస్తే నిజంగానే రెండోది తేలిపోయింది. డ్రమ్ము ఒక్కటే దుబదుబలాడుతూ మిగతావాటి నోరు నొక్కేస్తోంది. కండె బాబాయి ఆశ్చర్యపోయాడు. ఆయన ఇన్నాళ్లూ మోతనే పాట అనుకున్నాడు మరి. షెడ్డులో బతికినవాడికి పెద్ద చప్పుడే చప్పుడు, మిగతాదంతా లెక్కలోకి రాదు.

అక్కడినుంచి పట్టుబట్టాడు. ఒకటి పెడతాడు, తీస్తాడు, ఇంకొకటి పెడతాడు. ఒకటి చెవులు నొక్కేస్తోందన్నాడు. ఒకదాంట్లో ప్రతి 'స'కారమూ పాములా బుసకొడుతోందన్నాడు. ఇంకోదాంట్లో పాడేవాళ్లు గోడ అవతల ఉన్నట్టుందన్నాడు. పెద్దాయన ప్రతిదానికీ "అవును, అంతే, బాగా పట్టారు" అంటుంటే ఉబ్బిపోయి, కండెతో గాజుబల్ల మీద తాళం వేయబోయాడు. భార్య లాక్కుని తన సంచిలో వేసుకుంది.

చివరికి పెద్దాయన అరలోంచి నల్లటి జత ఒకటి తీశాడు. "ఇది మెత్తగా పట్టుకుంటుంది. బయటి రొద కూడా ఆపేస్తుంది. కూర్చుని వినండి."

బాబాయి పెట్టుకున్నాడు. బజారు మాయమైంది. ఫ్యాను మోత మాయమైంది. ఆయన చెవుల్లో ఎప్పుడూ ఉండే సన్నటి గుయ్ మాత్రం మిగిలింది. ఆ తర్వాత పాట వచ్చింది. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. వేణువు ఇక్కడ, తీగల వాద్యం అదిగో అక్కడ, తాళం కింద ఎక్కడో. కోరస్ మొదలయ్యేసరికి ఒళ్లంతా చెవులు చేసుకున్నాడు. ముద్ద విడిపోయింది. మగ్గం మీద పడుగులో ఏ పోగుకి ఆ పోగు కనిపించినట్టు, ఆరు గొంతులూ దేనికది విడిగా వినపడుతున్నాయి.

"ఆరుగురూ ఉన్నారే" అని గట్టిగా అరిచాడు. షాపులో అందరూ తిరిగి చూశారు. "ఆరుగురూ ఎవరికి వాళ్లున్నారు. అబ్బ, ఏం యంత్రం సారూ ఇది."

"నేనేది నాన్నా?" ఎదురుగా నిలబడ్డ కూతురి పెదవులు.

ఇక యంత్రం మీదకి తోసేయడానికి వీల్లేదు. మళ్లీ పెట్టించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. అన్నిటికంటే పైన ఒక గొంతు వెండితీగలా సన్నగా సాగుతోంది. మా పిల్ల చూడబోతే పుల్లలా ఉంటుంది, గొంతూ సన్నగానే ఉండాలి, ఇంకెవరిది అవుతుంది అనుకున్నాడు. ఆ గొంతు రాగానే చెయ్యెత్తి, "ఇదిగో, ఇదే మా బంగారం" అన్నాడు.

కళ్లు తెరిచాడు. కూతురు నవ్వుతూనే ఉంది గానీ, ఆ నవ్వులో పసలేదు. "కాదు నాన్నా" అన్నాయి పెదవులు. "ఫరవాలేదులే."

ఆ రెండు మాటలూ ఆయనకి స్పష్టంగా అందాయి. చెవులమీద ఇంత మందాన మూతలున్నా, పాట మోగుతూనే ఉన్నా, అక్షరం పోకుండా అందాయి. అప్పుడు కొట్టింది దెబ్బ. ఈ పిల్ల నాతో ఏనాడు గొంతుతో మాట్లాడింది? ఊయలలోంచి ఇవాళ్టిదాకా ఈ పెదవులే కదా. ముందు వరసలో నడిమధ్య కూర్చుని నేను పాట విన్నానా, చూశానా?

భార్య వైపు చూశాడు. "నువ్వైనా చెప్పవే" అని పెదవులు కదిపాడు. ఆవిడ తల దించుకుంది. ఆవిడతోనూ పిల్లది పెదవుల మాటే, ఆవిడకీ తెలియదు.

తల కొట్టేసినట్టయింది కండె బాబాయికి. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంకో ఐదు గొంతులున్నాయి, ఏదో ఒకటి చూపించి గట్టెక్కవచ్చు. కానీ నోరు రాలేదు.

"అమ్మలూ, నీ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదురా" అన్నాడు. "వందమందిలో పట్టేస్తానని ఊరంతా టముకు వేశాను. నీ మాటలన్నీ తెలుసు, గొంతు తెలియదు."

కూతురు ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. షాపు పెద్దాయన ఒంగి ఆయన ఒళ్లోంచి నల్లజత తీసుకుని మళ్లీ తలకి పెట్టాడు. పాట ఆపాడు. అంచున ఉన్న బటన్ ఒకటి చూపించాడు.

"ఇది నొక్కితే బయటి రొద ఆపడం మానేసి, బయటి మాటల్నే మైకుతో పట్టి, పెంచి లోపలికి పంపుతుంది. అమ్మా, నువ్వు అలా వెనక్కి వెళ్లి మాట్లాడు. గొంతుతో మాట్లాడాలి సుమా."

కూతురు లేచి వెళ్లింది. కండె బాబాయికి ఎదురుగా గోడ ఒక్కటే ఉంది. ఫ్యాను మోత వినపడుతోంది. ఎవరివో చెప్పులు వినపడుతున్నాయి. కంగారు పట్టలేక భార్య ఎప్పటి అలవాటుకొద్దీ ఆయన భుజం తట్టడానికి చెయ్యి చాపింది.

ఆ చెయ్యి ఇంకా భుజాన్ని తాకలేదు.

"నాన్నా."

కండె బాబాయి గిర్రున వెనక్కి తిరిగాడు.

కూతురు హెడ్‌ఫోన్ల గోడ దగ్గర నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. పెదవులు కనపడటం లేదు. అయినా మాట అందింది. ఆ గొంతు సన్నం కానే కాదు. నిండుగా, కాస్త జీరతో, కిందినుంచి వచ్చే గొంతు.

"ఇదా" అన్నాడు ఆయన. "ఇదా నీ గొంతు? పుల్లంత పిల్లకి ఇంత గొంతు ఎక్కడినుంచి వచ్చిందే?"

"నా గొంతే అది" అంది భార్య, చీరకొంగు ముక్కుకి అద్దుకుంటూ. షెడ్డులో చేరాక ఆవిడ నలుగురిలో గొంతుతో మాట్లాడటం అదే మొదలు. "ఇన్నాళ్లకి విన్నావు."

బాబాయి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. నవ్వొస్తోంది, కళ్లు కారుతున్నాయి, ఏదీ ఆపుకోలేదు. "పాట పెట్టండి సారూ, తొందరగా పెట్టండి" అన్నాడు. పాట మళ్లీ మొదలైంది. వేణువు వచ్చింది, తీగల వాద్యం వచ్చింది, కోరస్ వచ్చింది. వెండితీగ గొంతుని పక్కకి తోసేశాడు. దాని కింద రెండోదీ కాదు, మూడోదీ కాదు. అన్నిటికీ అడుగున, మిగతావాటిని మోస్తూ, జీరగా ఒకటి నడుస్తోంది. చెయ్యెత్తాడు. ఈసారి వేలు గాల్లో ఆ గొంతు వెంటే పైకీ కిందికీ వెళ్లింది. కూతురు అది చూసి, ఆ వేలికి సరిగ్గా అతికేలా అదే ముక్క పాడటం మొదలుపెట్టింది.

"రేపు మేస్త్రీని షెడ్డు బయటికి లాక్కొచ్చి వినిపిస్తాను" అన్నాడు బాబాయి. "అడుగున ఉన్నదే మా పిల్లది అని చెబుతాను."

"అయితే ఇది కట్టేయమంటారా?" అడిగాడు షాపు పెద్దాయన.

"కట్టండి. ఒక్క నిమిషం ఆగి కట్టండి." ఆయన పాట ఆపించి, ఆ బటన్ తనే నొక్కుకున్నాడు. కుర్చీ తిప్పి, కూతురికి వీపు పెట్టి, గోడవైపు మొహం చేసుకుని కూర్చున్నాడు.

"ఏదీ, ఇంకోసారి పిలువు."