ముఖం వేయని పిక్నిక్ పటం

నా చిన్నప్పుడు మా రైల్వే ఊళ్ళో, మలంచా రోడ్డు మీద మా నాన్నకి పటాలు కట్టే కొట్టు ఉండేది. నాకు నడక కన్నా ముందు బేరం వచ్చిందని అందరూ నవ్వేవారు. అందులో పెద్ద అబద్ధం లేదు.

కొట్టులో ఎన్నాళ్ళకీ అమ్ముడుపోని పటం ఒకటుండేది. దొరల పిక్నిక్ బొమ్మ. పచ్చిక మీద తెల్లదుప్పటి, బుట్టనిండా పళ్ళు, టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు. పొయ్యి లేదు, పొగ లేదు, అంట్లు లేవు. కొత్త సంవత్సరానికి చర్చివాళ్ళతో కాసాయి నది ఒడ్డుకు మేము వెళ్ళే పిక్నిక్ అలా ఉండేది కాదు. అక్కడ మా అమ్మ పొద్దున్నుంచీ గుండిగ ముందే. నాకు గుర్తున్నదల్లా పొగలో ఆమె వీపు.

ఒక ఏడు అమ్మ మంచం పట్టింది. డాక్టరు ఏమన్నాడో నాకెవరూ చెప్పలేదు. కానీ నాన్న కొట్టులో బేరమాడటం మానేసి, ఎవరెంతకి అడిగితే అంతకి ఇచ్చేస్తున్నాడు. దాంతో నాకు భయం పట్టుకుంది.

పక్కింటి మావయ్య నిమ్‌పురా రైల్వే యార్డులో వ్యాగన్ల మీద నంబర్లు రాసేవాడు. ఆ పటం ఆయన దగ్గరికి మోసుకెళ్ళి, ఒక టోపీ ఆవిడని చెరిపేసి ఆ చోట మా అమ్మని కూర్చోబెట్టమన్నాను. బొమ్మలో కూర్చుంటే జనవరి పిక్నిక్‌కి లేచి వస్తుందని దేవుడితో అప్పటికే మాట్లాడుకున్నాను. నా వంతుగా ఏడాదిపాటు అబద్ధమాడనన్నాను. తొమ్మిదేళ్ళదాని దగ్గర అంతకన్నా పెద్ద సరుకు లేదు.

మావయ్య కాదనలేదు. చీర, ఒళ్ళో పెట్టుకున్న చేతులు ఒక్క ఆదివారంలో వేసేశాడు. ముఖం దగ్గర ఆగాడు.

"మీ అమ్మ నవ్వితే కళ్ళెలాగుంటాయే?"

నాకు తెలియలేదు.

"ఏటి, సరుకు సూడకుండానే బేరానికొచ్చీసినావా? ఎల్లి సూసిరా."

ఆ రోజు నుంచి సాయంత్రానికో ప్రశ్న. చెంప మీద నూనె చిందిన మచ్చ ఎంతుంటుంది? పాపిడి నిటారుగా ఉంటుందా, వంకరా? నేను అమ్మ పక్కన కూర్చుని చూసి, పరుగున వచ్చి చెప్పేదాన్ని. ఆయన తల ఊపేవాడే గాని కుంచె ముట్టేవాడు కాదు.

ఒకరోజు పటం అమ్మకి చూపించాను. చాలాసేపు చూసింది.

"అందరూ తింతుంటే ఇలాగ ఉత్త సేతుల్తో కూకుంటానేటే, సిగ్గు కాదూ? గరిటైనా ఎట్టమను మీ మావయ్యని."

అని నవ్వింది. ఎడమ కన్ను ముందు మూసుకుంది, కుడిది తర్వాత. వెళ్ళి చెబితే మావయ్య గరిటె వేశాడు. ముఖం వేయలేదు.

క్రిస్మస్‌కి ముందే అమ్మ వెళ్ళిపోయింది. ముఖం కూడా వేసి ఉంటే అమ్మ బతికేదని, అంతా నీ వల్లేనని మావయ్య మీద పడి ఏడ్చాను. రంగు చేతులతోనే ఆయన గడప మీద కూలబడ్డాడు.

"నాను ఏసినంత మాత్రాన ఆగిపోద్దా తల్లీ? ఏసీసుంటే నువ్వు పటమే సూసుకుందువు. మీ అమ్మని సూద్దువు కాదు."

ఆ బేరం ఎవరితోనూ కుదిరేది కాదని ఆయనకు మొదటి రోజే తెలుసు. ఆయన చేతిలోనూ ఏమీ లేదు. సాయంత్రాలు మాత్రం ఉన్నాయి, అవి నాకిచ్చాడు.

ఇప్పుడు కొట్టు నాది. ఈ ఊరొచ్చి ఇంజనీరింగు చదివే మన తెలుగు పిల్లలు పిక్నిక్ ఫోటోలు తెచ్చి పటం కట్టమంటారు. అద్దానికీ చెక్కకీ వాళ్ళతో గొంతు బొంగురుపోయేలా బేరమాడతాను. ఫోటోలో పొయ్యి దగ్గర ఎవరి వీపైనా కనిపిస్తే మాత్రం, ఆ మనిషి ముఖం ఉన్నది ఇంకొకటి తెమ్మని వెనక్కి పంపుతాను. గోడ మీది పటంలో గరిటె ఆవిడకి ముఖమెందుకు లేదని వాళ్ళడుగుతారు. ఏదో చెప్పి తప్పించుకుంటాను.

నాకు బుద్ధి వచ్చిందని అనుకోకండి. అయినవాళ్ళెవరైనా మంచాన పడితే ఇప్పటికీ దేవుడితో బేరానికి దిగుతాను. కాకపోతే ఆ బేరమేదో ఆ మనిషి పక్కన కూర్చుని, ముఖం చూస్తూ ఆడతాను.