దినానికో గృహప్రవేశం

తాను బండలు పరిచిన గదిలో పాలు పొంగించకుండా దాన్ని ఎవరికీ అప్పజెప్పేవాడు కాదు ఎర్రప్ప. అది ఇల్లైనా సరే, దుకాణమైనా సరే, స్నానాల గదైనా సరే.

కంబదూరులో ఒక రైతు మేకల దొడ్డికి బండలు వేయించుకున్నాడు. పనెంతవరకూ వచ్చిందోనని వచ్చి చూస్తే దొడ్డి నడుమ మూడు రాళ్లు, మంట, మీద పాలగిన్నె. చుట్టూ మేకలు.

"మేకలకు గృహప్రవేశమేందప్పా?"

"ఈడ కాపురముండేది నువ్వా, అవా?" అన్నాడు ఎర్రప్ప.

వానల్లేక ఊళ్లో ఇల్లు కట్టేవాడే కరువైనాక, తనకల్లు ఊరి గుత్తేదారు గిరి తన జట్టుతో పాటు అతన్నీ బెంగళూరు తీసుకుపోయాడు. రెండువేల ఆరు నాటి మాట. అక్కడ చూస్తే మెడ పట్టేసేంత భవనం లేస్తోంది. కింది అంతస్తులు హోటలు, పై అంతస్తులు కోటీశ్వరుల ఇళ్లు, అన్నిటికీ పైన ఈతకొలను. ఎర్రప్ప పరిచిన పాలరాళ్ల మధ్య అతుకు కనబడాలంటే మోకాళ్ల మీద వంగి వెతకాల్సిందే. అందుకే గిరి అతని కిరోసిన్ స్టవ్వునూ, పెళ్లివంటల గిన్నెనూ ఓర్చుకున్నాడు.

"అన్నా, ఇది హోటలు. దినానికొకడు వచ్చి పోతాడు. గృహప్రవేశం ఎవురికి?"

"అట్లయితే దినామూ పొంగించల్ల. నేనే ఒకసారితో సరిపెడతాండా."

లిఫ్టులో రాయి పరిచిన రోజు పాలు పన్నెండో అంతస్తులో కాగి ఇరవయ్యో అంతస్తులో పొంగాయి. ఒకే రోజు రెండు గదులు ముగిస్తే మాత్రం రెండోదాని గృహప్రవేశాన్ని మరుసటి రోజుకు దాచుకునేవాడు. ఇంత పాలపిచ్చి మనిషి, తాను తాగేది పాలు లేని టీ.

ఇంతలో గదులకు పొగ పసిగట్టే గంటలు బిగించారు. ఎర్రప్ప స్టవ్వు వెలిగించగానే భవనమంతా గణగణమంది. ఇల్లు కొనడానికి వచ్చిన దంపతులు ముప్పై అంతస్తులు మెట్ల మీద దిగి, కారెక్కి, మళ్లీ కనబడలేదు.

"ఇంకొకసారి పొగ లేస్తే మీ జట్టంతా ఊరికే" అన్నాడు పెద్ద ఇంజనీరు.

ఊరికి పోయి ఏం చేయాలి? అక్కడ వేసిన శనక్కాయ విత్తనం మొలవకుండా భూమిలోనే వేగిపోతోంది. గిరి గిన్నె లాక్కున్నాడు.

"పాలు పొంగలేదంటే అచ్చిరాదు గిరీ."

"పొంగిచ్చినావంటే మాకు పని ఉండదు. నోరు మూసుకోని రాయి పరుచన్నా."

మరుసటి మధ్యాహ్నం మెట్ల కింద పిల్లలు గ్లాసులు పట్టుకుని వరసగా కూర్చుని ఉన్నారు. ఇసుక మోసే ఆడవాళ్ల పిల్లలు.

"ఏం కావల్లరా?" అన్నాడు గిరి.

"ప్రసాదం."

నారాయణమ్మ ఇసుక బొచ్చె పక్కన పడేసి, పరుగున వచ్చి తన కొడుకు రెక్క పట్టుకుంది. "ఎర్రప్పన్న దినామూ ఇస్తాడన్నా. ఊరికే ఇస్తామంటే మేము ముట్టం, ఆయప్పకూ తెలుసు. దేవుని ప్రసాదమంటే ఎట్ల వద్దంటాం?"

గిరికి పెళ్లివంటల గిన్నె గుర్తొచ్చింది. పాలు లేని టీ కూడా. నేరుగా ఎర్రప్ప దగ్గరికి పోయాడు.

"ఏమన్నా, మనముండే రేకుల షెడ్లలో పాలు పొంగిచ్చినావా?"

ఎర్రప్ప తాపీ ఆపాడు. "లేదే!"

"మేకలకు చేసినావు, మనుషులకు చేయకపోతివే. ఏం మేస్త్రీవప్పా? ఆడ గంటలు గూడా లేవు."

ఎర్రప్ప నాలుక కరుచుకున్నాడు. "పెద్ద తప్పే అయిపాయ గిరీ. గిన్నె యాడ పెట్టినావు?"

రోజుకొక షెడ్డు. షెడ్లన్నీ అయిపోయాయి. మరుసటి రోజు చూస్తే మొదటి షెడ్డు ముందు మళ్లీ గిన్నె, చుట్టూ గ్లాసులు.

"దీనికి అయిపాయ గదన్నా?"

ఎర్రప్ప తలెత్తకుండా గరిటెతో పైకప్పు చూపించాడు. "నిన్న గాలికి రేకు లేచిపోతే మార్చినారప్పా. కొత్తిల్లు లెక్కే."

ఆ సాయంత్రం గిరి తానే నిచ్చెన వేసుకుని, పక్క షెడ్డు రేకు ఒకటి విప్పి, దాన్నే తిరిగి బిగించాడు.