ఈల వేసిన ఊలు ఉండ

మనిషి పరువు ఎన్ని రకాలుగా పోవచ్చో నాకు తెలియదు గానీ, ఊలు ఉండ వల్ల కూడా పోతుందని నేను స్వయంగా కనిపెట్టాను. అదీ కోదాడ నుంచి సూర్యాపేట వచ్చే బస్సులో, నిలబడేందుకు కూడా చోటు లేనంత జనం ఉండగా. ఇది చదివి మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రెండు రోజులు మాత్రం నాకు అన్నం గొంతు దిగలేదు.

రెండేళ్ల కిందటి సంగతి. ఎండలు మొదలయ్యాయని మావారు కూలరు మీది దుప్పటి తీసి, నీళ్లు పోసి, స్విచ్చి వేశారు. కూలరు ఒకసారి మూలిగింది. తర్వాత గులాబీ రంగు ఊలు పోగులు జాలీలోంచి బయటికొచ్చి ఆయన మీసాల మీద వాలాయి. ఆ తర్వాత ఫ్యాను ఆగిపోయింది.

"సరితా! కూలరుల ఊలెందుకున్నదే?"

"చలికాలమంత ఖాళీగనే ఉంటది గదా అని పెట్టిన."

"ఇంకా యాడాడ పెట్టినవ్?"

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే పొద్దుగూకేది. దివాను పెట్టెలో ఉంది. బియ్యం డ్రమ్ము వెనక ఉంది. సూట్‌కేసులో పెళ్లి పట్టుచీర కింద ఉంది. గ్యాస్కెట్ పోయిన పాత కుక్కర్లో మూత పెట్టి మరీ ఉంది. క్రోషియా నేర్చుకున్న నాటి నుంచి నేను అల్లింది తక్కువ, కొన్నది ఎక్కువ. కొత్త రంగు కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే సంచిలోకి పోయేది. అందులో నా తప్పేం లేదని అప్పట్లో గట్టిగా నమ్మేదాన్ని.

మావారు రైసు మిల్లులో స్టాకు గుమాస్తా. ఆయన దృష్టిలో లెక్క రాయని వస్తువు లేనట్టే. సాయంత్రం నా ముందు ఒక పొడుగు రిజిస్టరు పడేశారు.

"మా మిల్లుల ప్రతి బస్తాకు లెక్కుంటది. అన్నీ ఒక్కతాన పోసి లెక్క తియ్. రెండు సంచులకు మించి ఇంట్ల ఉండొద్దు. మిగిలింది మీ అక్కకియ్యి."

మా అక్కది కోదాడ. బుధవారం సూర్యాపేటలో ఏదో పని ఉందని, మధ్యాహ్నం బస్సుకు తిరిగిపోతూ సంచి పట్టుకుపోతానని ఫోన్లో చెప్పింది. అంటే బుధవారం పొద్దున్నే లెక్క తేలిపోవాలి.

ఇక్కడ మా మామయ్య గురించి చెప్పాలి. ఆయన వేములపల్లి దిక్కు బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కొన్నాళ్లు మా దగ్గర, కొన్నాళ్లు మిర్యాలగూడలో మా బావగారి దగ్గర ఉంటారు. చెవులు దాదాపు పూర్తిగా పోయాయి. ఎంత చెప్పినా వినికిడి మిషను వద్దనేవారు. అలాంటిది ఆ ఏడు ఆయన పాత విద్యార్థులు మిర్యాలగూడలో సభ పెట్టి సన్మానం చేస్తామన్నారు. వెంటనే ఆయనే డాక్టరు దగ్గరికి నడిచారు. చిక్కుడు గింజంత మిషను. ఆయన దాన్ని మిషను అనేవారు కాదు, 'నా చెవి' అనేవారు.

"శాలువ నాకెందుకు బిడ్డా," అన్నారు నాతో. "ఒక్కసారి హాజరు పిలుస్త. నేను పేరు పిలిస్తే వాళ్లు 'ఉన్న సార్' అనాలె. అది ఇనాలె నేను."

హాజరు పట్టీ ఒక నోటుబుక్కులో సొంతంగా రాసుకున్నారు కూడా. సభ ఆదివారం.

బుధవారం పొద్దున ముందుగదిలో దివాను మీద నా సంసారమంతా కుప్ప పోశాను. చూస్తే నాకే భయమేసింది. మెరూన్ రంగువే పన్నెండు తేలాయి. కొన్న ప్రతిసారీ ఇంట్లో మెరూన్ లేదనుకునే కొన్నానన్న మాట. ఒంటి మేజోడు ఒకటి దొరికింది. మా అమ్మాయి కడుపులో ఉండగా మొదలుపెట్టిన స్వెట్టరు ఒక చెయ్యి దగ్గర ఆగి ఉంది. ఆ అమ్మాయి ఇప్పుడు ఏడో తరగతి. పూసల డబ్బాలు, లేసులు, గుండీలు, నాలుగు ఎంబ్రాయిడరీ ఫ్రేములు. ఇన్నింటిలోనూ క్రోషియా సూది ఒక్కటంటే ఒక్కటే.

విడిపోయి చిక్కుపడ్డ ఊలంతా మళ్లీ ఉండలు చుట్టాల్సి వచ్చింది. ఉండ చుట్టాలంటే మధ్యలో ఒక కాగితం మడత పెట్టుకోవాలి, లేకపోతే వేళ్లకు పట్టు దొరకదు. మా అమ్మ నేర్పిన పద్ధతి. చేతికి ఏ కాగితం తగిలితే అది మడవడం, దాని మీద చుట్టడం, బరువు తూయడం, రిజిస్టరులో రాయడం. పైకి లెక్కపెడుతూ యంత్రంలా చేసుకుపోతున్నాను.

"ఇరవై తొమ్మిది... ముప్పై..."

మధ్యలో మామయ్య వచ్చి ఏదో అన్నారు. లెక్క తప్పుతుందని నేను తలెత్తలేదు, వంచిన తలే ఊపాను. "సరే మామయ్యా" అన్నాను. ఆయన వెళ్లిపోయారు. సందు చివర సెలూన్‌కి, ఆదివారం సభ కోసం కటింగుకి.

మొత్తం నలభై ఐదు ఉండలు. ఇరవై మూడు నాకు, ఇరవై రెండు అక్కకు. అక్క వచ్చింది, తిన్నది, సంచి భుజానేసుకుని వెళ్లింది. ఆ తర్వాత కాసేపటికి మామయ్య నున్నగా తయారై వచ్చి నా ముందు చెయ్యి చాపారు.

"నా చెవి ఇయ్యి బిడ్డా."

"నా దగ్గరెక్కడిది మామయ్యా? మీరే ఎక్కడో పెట్టి ఉంటరు!"

ఆయనకు వినపడలేదు. నవ్వుతూ, "క్యాలెండర్ కాగితంల మడిచిన గదా. గదే," అన్నారు.

క్యాలెండర్ కాగితం. పోయిన నెల క్యాలెండర్ కాగితం మడత ఒకటి చేతికి రావడం, మెత్తగా, మధ్యలో కొంచెం గట్టిగా ఉండి ఉండ చుట్టడానికి భలే కుదిరిందని నేను సంతోషపడటం అన్నీ గుర్తొచ్చాయి. దాని మీద ఏ రంగు చుట్టానో మాత్రం గుర్తు రాలేదు. రిజిస్టరు తెరిచాను. రంగు ఉంది, బరువు ఉంది, ఎక్కడ కొన్నదీ ఉంది. లోపల ఏముందో లేదు.

పాపం దివాను మీద పెట్టి మరిచిపోయారు, నేను చుట్టేశాను అనుకున్నాను. "జరసేపు ఆగండి" అని చేత్తో సైగ చేశాను. ఆయన నింపాదిగా తలూపి పేపరు అందుకున్నారు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసి చూపిస్తే అయిపోయేది. నాకు ధైర్యం చాలలేదు. ఆయన నెమ్మది చూస్తుంటే, లోపల కుమిలిపోతూ పైకి నవ్వుతున్నారనిపించి నాకే ఏడుపొచ్చింది.

నా వాటా ఇరవై మూడు ఉండలూ విప్పడం మొదలుపెట్టాను. మావారు మిల్లు నుంచి వచ్చేసరికి ఊలు మోకాళ్ల దాకా ఉంది.

"పొద్దున సుట్టినవన్నీ ఇప్పుడు ఇప్పుతున్నవేందే?"

"లెక్క సరిచూస్తున్న."

"స్టాకు చెకింగంటే బస్తాలు కోసి సూసుడు గాదు!"

ఒక్కో ఉండలోంచీ ఒక్కో కాగితం వచ్చింది. గ్యాసు రశీదు, ఎవరిదో పెళ్లి కార్డు, మా అమ్మాయి ప్రోగ్రెస్ రిపోర్టు. ఆకుపచ్చ ఉండలోంచి మావారు ఏడాదిగా వెతుకుతున్న బండి ఇన్సూరెన్సు కాగితం వచ్చింది. దాన్ని గబగబా మళ్లీ చుట్టేశాను. ఒకసారికి ఒక గండం చాలు. చెవి మాత్రం రాలేదు.

గురువారం పొద్దున్నే అక్క ఫోను.

"ఏమే, ఏం ఊలిచ్చావే నాకు? సంచిలో కీచురాయి దూరినట్టుంది. నిన్న వచ్చిన దగ్గర్నుంచి ఒకటే కూత!"

నా గుండె ఎగిరి గంతేసింది. వినికిడి మిషనును స్విచ్చి ఆపకుండా మూసి పెడితే ఈల వేస్తుందని డాక్టరు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

"అక్కా, అది కీచురాయి కాదు! మా మామయ్య చెవి!"

"ఏంటీ?"

"తర్వాత చెప్త. ముట్టుకోకు!"

"ముట్టుకోలేదే. పురుగుల స్ప్రే కొట్టి బాల్కనీలో ఎండకేశాను. ఇప్పుడు చప్పుడు లేదు, చచ్చినట్టుంది."

చచ్చినట్టుందన్న మాటకు నేను గోడ పట్టుకున్నాను.

క్రోషియా సూది అక్క దగ్గర ఉండిపోయిందని మావారికి ఒక అబద్ధం చెప్పి కోదాడ బస్సెక్కాను. అక్కా నేనూ బాల్కనీలో కూర్చుని ఒక్కో ఉండా చెవి దగ్గర పెట్టుకుని విన్నాం. ఎదురింటి ఆవిడ బట్టలారేస్తూ ఆగిపోయి మమ్మల్నే చూసింది. ఏ ఉండా పలకలేదు.

"బ్యాటరీ అయిపోయిందేమో," అంది అక్క.

"నీ మందుకు ప్రాణం పోయిందేమో!"

"నాదా తప్పు? చెవిని చుట్టి పంపింది నువ్వు కాదూ?"

నాలుగు ఉండలు విప్పాం, ఏమీ లేదు. మావారు ఇంటికొచ్చే లోపు చేరాలని మిగతా పద్దెనిమిదీ సంచిలో కుక్కుకుని తిరుగు బస్సెక్కాను. సీటు దొరకలేదు. సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడ్డాను. ఆదివారం ఆ పెద్దమనిషి పేర్లు పిలుస్తుంటే, జవాబులేవీ వినపడక అందరి నోళ్ల వంక చూస్తూ నిలబడే దృశ్యం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

బస్సు ఒక గుంతలో పడి లేచింది. పక్కన నిలబడ్డాయన మోకాలు నా సంచికి గట్టిగా ఒత్తుకుంది.

కీఈఈఈ!

బస్సంతా ఇటు తిరిగింది. కండక్టరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"సంచిల ఏముందమ్మా?"

"ఊలు."

"ఊలు అరుస్తదా?"

"ఇందులో... మా మామయ్య చెవి ఉంది."

కండక్టరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ముందు సీటాయన సెల్లు తీసి వీడియో మొదలుపెట్టాడు.

"సూడమ్మా, ఆడోళ్లకు జీరో టికెట్టు, అది కరెక్టే. కోడిపిల్లలకు మాత్రం లగేజీ కొట్టాలె. నిజం చెప్పు."

"కోడిపిల్లలు కావు! చెవుల పెట్టుకునే మిషను. ఉండల పడి చుట్టుకపోయింది!"

కిటికీ పక్కన కూర్చున్న చివ్వెంల ఊరి ముసలవ్వ ఇదంతా విని సంచి ఒళ్లోకి లాక్కుంది.

"ఒత్తితే మొత్తుకుంటది. పండ్లు ఒత్తి సూసినట్టు ఒత్తుండ్రి," అంది.

పద్దెనిమిది ఉండలు బస్సంతా పంచింది. డ్రైవరు తప్ప అందరూ ఒత్తారు. వెనక సీట్లో ఒకాయన చేతిలో మెరూన్ ఉండ కెవ్వుమంది. ఆయన భయపడి కిందికి జారవిడిచాడు. అది దొర్లుకుంటూ మెట్ల దాకా పోతే కండక్టరమ్మ కాలితో ఆపింది. నేను ఒకవైపు విప్పుతుంటే ఊలు చిక్కుపడకుండా జనం చేతికి చేతికి అందించుకున్నారు. సూర్యాపేట వచ్చేసరికి బస్సు మొత్తం మెరూన్ రంగు వలలో ఉంది. చివరికి క్యాలెండర్ కాగితం, అందులో చెవి. బతికే ఉంది. చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఏడ్చేశాను.

ఇంటికొచ్చి మెత్తని గుడ్డతో తుడిచి, మళ్లీ అదే కాగితంలో మడిచి మామయ్య చేతిలో పెట్టాను. ఆయన చెవికి పెట్టుకోగానే, "దివాను కింద దొరికింది మామయ్యా," అన్నాను.

ఆయన ముక్కు ఎగబీల్చారు. "ఏదో మందు వాసనొస్తుంది బిడ్డా?"

"అదా... తుడిచిన మామయ్యా."

"మంచిదే. చెవులకు దోమ రాదు ఇగ," అన్నారు. గండం గడిచిందనుకున్నాను.

ఆదివారం మిర్యాలగూడలో హాలు నిండింది. మామయ్య నోటుబుక్కు తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టారు. జుట్టు నెరిసిన వాళ్లు, మనవళ్లను ఎత్తుకున్న వాళ్లు లేచి "ఉన్న సార్" అంటుంటే ప్రతి పేరుకూ టిక్కు పెట్టారు. మాడుగులపల్లి నుంచి వచ్చిన ఒకాయన బాగా చిన్నగా అన్నాడు. వెనక వరసలో ఉన్న నాకే సరిగా వినపడలేదు. మామయ్యకు వినపడింది. టిక్కు పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అంతటితో కూర్చుంటే నేను ఈ కథ రాసేదాన్ని కాదు. ఆయన మైకు దగ్గరికి జరుపుకున్నారు.

"ఇయ్యాల నేను మీ అందరి మాట ఇన్ననంటే మా చిన్నకోడలు పుణ్యమే. మొన్న కటింగుకు పోతు ఈ మిషను క్యాలెండర్ కాగితంల మడిచి ఆమె చేతుల పెట్టిన. 'బిడ్డా, జర భద్రంగ పెట్టు' అన్న. 'సరే మామయ్యా' అన్నట్టు తలూపింది."

నాకు ఆ 'సరే' చెవుల్లో మోగింది. దివాను మీద మరిచిపోలేదు ఆయన. నా చేతికే ఇచ్చారు.

"సరే అన్నది గదా అని నేను నిమ్మళంగ ఉన్న. ఎంత భద్రంగ పెట్టిందో సూడుండ్రి." జేబులోంచి జానెడు మెరూన్ ఊలు పోగు తీసి అందరికీ చూపించారు. "ఆ కాగితం మడతల ఇరుక్కోనుండె. మా ఇంట్ల చెవులు పోయినోన్ని నేనొక్కన్నే అనుకున్న. ఇగ ఇంకో మిషను కొనాలె."

హాలంతా గొల్లుమంది. మావారు నా వైపు తిరిగి, "క్రోషియా సూది దొరికిందా?" అని అడిగారు.

ఆ రోజే పన్నెండు మెరూన్ ఉండల సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరు మాట్లాడినా లెక్క ఆపి, తలెత్తి, మొహం చూసి, మాట పూర్తిగా విన్నాకే 'సరే' అంటాను. రిజిస్టరులో 'లోపల ఏముంది' అని కొత్త గడి గీశాను. మామయ్య చెవి కోసం మెరూన్ ఊలుతో చిన్న సంచి అల్లి, దాన్ని మొదటి వరసలో రాశాను. మిగతా వరసలు కూడా నిజాయితీగా నింపాను, ఆకుపచ్చ ఉండ ఒక్కటి తప్ప. బండి కాగితం కోసం మావారు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.