పసుపు పూసిన స్కీలు

కృష్ణా డెల్టాలో ఎత్తనేదే అరుదు. అవనిగడ్డ దారి పట్టి పోతే గడ్డివాములు, కాలవల మీద వంతెనలు, అంతే. నీళ్ళు కూడా పల్లానికి పోవడానికి బద్ధకించే నేల అది. అలాంటి చోట, చల్లపల్లి పక్క పల్లెలో పుట్టిన సింధూరి, మంచుకొండల మీంచి జెండాల మధ్య మెలికలు తిరుగుతూ జారే పందేల్ని వృత్తిగా పట్టుకుంది.

ఆ విద్యకు తొలి గురువు తాత బసవపున్నయ్య. దమ్ము చేసిన మడిని చదును చెయ్యడానికి ఎడ్ల వెనక చెక్క కట్టి, బరువుకోసం దాని మీద మనవరాల్ని నిలబెట్టేవాడు. "ఎనక్కి వాలవే! ముందుకి పడ్డావంటే బురద మింగుతావ్!" అని గట్టు మీంచి కేకలు. నార్వేలో ఎక్కడో, కాళ్ళకు పొడుగు చెక్కలు తొడుక్కున్న మనిషిని వేలయేళ్ళనాడే రాతి మీద చెక్కారట. మన రైతు చూస్తే ముందుగా ఎడ్లేవని అడుగుతాడు. అయితే మంచు బురదలాంటిది కాదు, వెనక్కి వాలినవాణ్ణే పడేస్తుంది. కాలేజీలో ఎన్‌సీసీ శిబిరానికి వెళ్ళి మొదటిసారి స్కీలు తొడిగిన నాటినుంచి, తాత నేర్పిన ఆ వాలు వదిలించుకోవడానికి ఆమెకు ఆరేళ్ళు పట్టింది. చలికాలమంతా గుల్మార్గ్, మిగతా రోజులు విజయవాడ కరకట్ట మీద చక్రాల బూట్లు. అంతా చేస్తే నిరుడు జాతీయ పోటీల్లో ఏడో స్థానం.

అమ్మ కనకలక్ష్మితో ఒప్పందం కుదిరింది. ఈ ఏడు మొదటి ముగ్గురిలో నిలిచి ఆసియా పోటీలకు ఎంపికైతే సరేసరి. లేదంటే స్కీలు అటకెక్కించి, పెనమలూరు స్కూల్లో పీఈటీగా విజిల్ ఊదుకోవాలి.

కనకలక్ష్మి కూతురి ఓటమికి కారణం ఎప్పుడో కనిపెట్టేసింది. "మీ నాన్న మోపెడ్ కొన్నా కొండ కిందకి తీసుకెళ్ళి పూజ చేయించాం. ఇవి ఏ పూజా లేకుండా తిరుగుతున్నాయి. గెలవమంటే ఎట్టా గెలుస్తాయే?"

సింధూరి నవ్వి ఊరుకుంది. అదే పొరపాటు. ప్రయాణం ముందురోజు ఆమె తలంటుకుంటుంటే, కనకలక్ష్మి కొత్త స్కీల్ని ఆటోలో వేసుకుని ఇంద్రకీలాద్రి కిందకి చేరింది.

వాహనపూజలు చేసే పంతులుగారు అటూ ఇటూ తిప్పి చూశారు. "చక్రాలేవమ్మా? నిమ్మకాయలు దేని కింద పెట్టమంటారు?"

"చక్రాల్లేవు గనకే జారతాయండి. అడుగున పెట్టేయండి."

"బండి నంబరు?"

"గోత్రం చెప్తాను, సర్దుకోండి."

ఆయన సర్దుకున్నారు. కనకలక్ష్మి రెండు స్కీలూ తొక్కి నిమ్మకాయలు చితక్కొట్టింది. అడుగుభాగమంతా పసుపూ కుంకుమా దిట్టంగా పట్టించింది. మిగిలిన పసుపు పొట్లం స్కీల సంచిలో దోపి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి పప్పు తాలింపు పెట్టింది.

గుల్మార్గ్‌లో సింధూరి సంచి విప్పింది. అద్దంలా ఉండాల్సిన అడుగు గడపలా ఉంది! గీకింది, తుడిచింది, స్కీలు బాగా జారడానికి పూసే మైనం కరిగించి పట్టించి మళ్ళీ గీకింది. గరుకంతా పోయింది కానీ రంగు పోలేదు.

తెల్లారి పందెం దగ్గర తనిఖీ అధికారి ఆ పసుపురంగు చూసి, నిషేధించిన మైనమేదో పూశారని అనుమానపడి, పరికరం పెట్టి మూడుసార్లు పరీక్షించాడు. ఏమీ దొరకలేదు. అంతే, పావుగంటలో కొండంతా పుకారు పాకింది: ఆంధ్రా అమ్మాయి దగ్గర పరికరానికి కూడా చిక్కని మందుంది! మొదటి విడత జారుడులో సింధూరి నాలుగో స్థానంలోకి రావడంతో ఆ మాట స్థిరపడింది. తాత వాలు వదిలిందన్న సంగతి ఎవరికి కావాలి?

మూడో స్థానంలో మనాలి అమ్మాయి ఉంది. రెండో విడతకు ముందు ఆమె మెల్లగా పక్కన చేరి హిందీలో బతిమాలింది. "దీదీ, ఆ మందు కాస్త ఇవ్వవా?"

"మందు కాదే తల్లీ, పసుపు. కూరలో వేసే పసుపు. మా అమ్మ పూజ చేయించింది. రాసుకున్నావంటే నీ స్కీ కదలదు."

"అందరూ అలాగే చెప్తారులే."

"ఒట్టు. నేను రాత్రంతా గీక్కున్నాను."

ఎంత చెబితే అంత గట్టిగా నమ్మిందా పిల్ల, దాస్తోందని. సంచిలోంచి పొట్లం కనిపిస్తుంటే చటుక్కున లాక్కుని పరుగెత్తింది. వెనకాల అరుద్దామంటే సింధూరిని జెండా దగ్గరికి పిలిచేశారు.

బురద లేదు, ఎడ్లు లేవు. ముందుకి వాలింది. చివరి మలుపులో మోకాలు మంచుకి రాసుకుంది, అయినా నిలబడింది. తరవాత మనాలి అమ్మాయి దిగింది, వెనకాల సన్నటి పచ్చగీత గీసుకుంటూ. రెండు విడతల సమయం కలిపితే, సెకనులో ఇరవై రెండు శతాంశాల తేడాతో ఆమెది నాలుగో స్థానం. సింధూరికి మూడు.

ఆ పిల్ల పచ్చటి చేతులతో వచ్చి కావలించుకుంది. "నువ్వు చెప్పావు, నేనే వినలేదు," అంది. సింధూరి తన తుండుతో ఆ చేతులు తుడిచింది. ఆసియా పోటీల కాగితం మీద సంతకం పెట్టిందే గానీ, మనసు కుదుటపడలేదు. అమ్మకి ఫోన్ చేసి పొట్లంతో సహా జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

"పసుపు రాసుకుంటే కాళ్ళు పట్టేసినట్టయిందటమ్మా ఆ పిల్లకి. పాపం."



"అవ్వదూ మరి?" అంది కనకలక్ష్మి. "గోత్రం చెప్పకుండా, కొబ్బరికాయ కొట్టకుండా ఊరికే పసుపు పులుముకుంటే ఏ బండి కదుల్తుందే? ఆ మాట నువ్వు ముందే చెప్పద్దూ!"