శాంతవ్వ వాకిట్లో నల్లపూలు

ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టుకుని బతికే శాంతవ్వకు మొదటినుంచీ పూలంటే పిచ్చి. భర్త పోయాక అది తగ్గుతుందని చుట్టాలు అనుకున్నారు. తగ్గలేదు, ఇంకా ముదిరింది.

కామారెడ్డి నర్సరీలో పనిచేసే కూతురు సుష్మిత ఒక వానాకాలం మూడు రకాల డేలిల్లీ పూల దుబ్బులు తెచ్చిచ్చింది. మూడూ ముదురు ఊదా రంగువే. ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది, మర్నాడు పక్క మొగ్గ విచ్చుకుంటుంది. వాటి ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక శాంతవ్వ తనే పేర్లు పెట్టుకుంది: వంకాయ, నేరేడు, కాటుక. పెరట్లో పక్కపక్కన నాటి, బీడీలకు తునికాకు కత్తిరిస్తూ ఓ కన్ను వాటి మీదే ఉంచేది. వంకాయ పొద్దున పట్టుచీరలా మెరిసి మధ్యాహ్నానికే వడలిపోయేది. కాటుక అన్నిటికంటే నలుపే కానీ, ఎండ తగిలితే రేకుల మీద తెల్లమచ్చలు లేచేవి. గొంతులో పసుపు చార ఉన్న నేరేడు మాత్రం పొద్దుగూకేదాకా రంగు విడిచేది కాదు.

"దానిది నా అసొంటి పానం బిడ్డా," అని ఫోన్లో కూతురికి చెప్పి నవ్వేది.

పక్కింట్లో ఉండే మరిది పోచన్నకు ఇదంతా కంటగింపు. "నల్లపూలు ఇంటికి అరిష్టం. మొగడు లేనోళ్లకు పూలతోట ఏంది వదినే?" అన్నాడొకసారి.

"మొగడు పోయిండు. కండ్లు పోలే గద," అంది శాంతవ్వ.

ఒకనాడు ఆమె బీడీలు అప్పజెప్పడానికి ఖార్ఖానాకు పోయి వచ్చేసరికి పెరడంతా తవ్వి ఉంది. పోచన్న దుబ్బులన్నీ పెకిలించి వీధి చివర చెత్తకుప్పలో పారేశాడు. శాంతవ్వ వాడకట్టంతా చూస్తుండగానే కుప్పలోకి దిగి, దొరికినవన్నీ ఏరి కొంగులో వేసుకుంది. ఏది ఏ రకమో కలిసిపోయాయి. ఇంటికొచ్చి గడ్డపార పట్టి, ఈసారి వాకిట్లో గేటుకు రెండు దిక్కులా గుంతలు తీసింది.

"గిదేంది, వాకిట్లనా?" అని అరిచాడు పోచన్న.

"వెనక పెడితే నువ్వొక్కనివే చూసినవ్. ఇగ వాడకట్టంత చూస్తది. ఇల్లు నాది, మన్ను నాది. మల్ల చెయ్యి పెట్టు, ఠాణాకు పోత."

అతను మళ్లీ చెయ్యి పెట్టలేదు. ఆ ఏడు మొగ్గ లేదు, ఉత్త ఆకులే. గడ్డి పెంచుతున్నదని వాడకట్టు నవ్వినా ఆమె నీళ్లు పోయడం మానలేదు.

మరుసటి వానలకు పూశాయి. వంకాయ ఒక్కటీ బతకలేదు. కాటుక గోడనీడ పడేచోట లేచింది. మధ్యాహ్నమైనా ఒక్క మచ్చ లేదు, నేరేడును మించిన నిగనిగ. శాంతవ్వ దాని ముందు గొంతుక్కూర్చుంది. "ఎండల నిలబెట్టి నీకే వంకలు పెట్టిన గదనే," అంది.

ఆ పూట ఒక కాటుక పువ్వు తెంపి కొప్పులో పెట్టుకుని ఖార్ఖానాకు పోయింది. "ఏందే శాంతవ్వా, పూలు పెట్టుకున్నవ్?" అని ఒకామె నోరు తెరిచింది.

"తోట నాది, తల నాది," అని శాంతవ్వ బీడీల గంప దించింది.

వారం తిరక్కుండానే పోచన్న భార్య భూదవ్వ గేటు దగ్గర నిలబడి, "అక్కా, నాకో పిలక ఇయ్యవా?" అని మెల్లగా అడిగింది.

"ఇస్త. కానీ పెరట్ల దాచిపెట్టుడు లేదు. వాకిట్లనే నాటాలె," అంది శాంతవ్వ, పార అందుకుంటూ.