దేవసహాయం మాస్టారి దగ్గు

పరుపుల కొట్టు ముందు నుంచి వెళ్తున్నప్పుడు కొత్త దూది వాసన ముక్కుకు తగిలితే చాలు, నా అడుగు తడబడుతుంది. మొన్న నెల్లూరులో అదే జరిగింది. నాన్న గుర్తొచ్చారని మావాళ్లు అనుకున్నారు. ఇందుకూరుపేటలో జీవితమంతా పరుపులు కుట్టిన మనిషి, గుర్తు రాకుండా ఎలా ఉంటారు? కానీ నాన్న వెనకే దేవసహాయం మాస్టారు కూడా వస్తారు. ఆయనతో పాటు నేను చేసిన తప్పూ వస్తుంది.

నేను తెలుగు టీచరుగా చేరిన హైస్కూల్లో ఆయన ఇంగ్లీషు మాస్టారు. చేరిన వారంలోనే, "మీ నాయన ఏం జేస్తాడమ్మా?" అని అడిగారు. పరుపులు కుడతారని నలుగురి ముందూ చెప్పడానికి నాకు నామోషీ అనిపించింది. చెప్పాక చూస్తే ఆయన మొహం వెలిగిపోయింది. "అయితే నువ్వు మావాడి మనిషివి. వాళ్ల నాయనదీ అదే పని. కాకపోతే రాజుగారికి కుట్టేవాడు" అన్నారు. ఆ సాయంత్రం నుంచే మా కొట్టుకొచ్చి నాన్న పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం అలవాటు చేసుకున్నారు.

"మావాడు" అంటే మూడున్నర వందల ఏళ్ల కిందటి ఒక ఫ్రెంచి హాస్య నాటకకర్త. మాస్టారు ఆయన్ని పేరు పెట్టి అనగా నేను వినలేదు. ఎప్పుడూ పరుపులాయన కొడుకే. ఆయన కథను పక్క వీధి సంగతి చెప్పినట్టు చెప్పేవారు. రాజుగారి కొలువులో తండ్రి పని చేతికందే దూరంలో ఉన్నా కాదని నాటకాలాడేవాళ్లతో వెళ్లిపోయాడట. ఏళ్ల తరబడి ఊరూరా తిరిగాడు. పిసినారుల్నీ దొంగ భక్తుల్నీ వైద్యుల్నీ వేదిక మీదికి ఈడ్చి తిట్లు తిన్నాడు. చివరికి లేని రోగాలు ఊహించుకునే మనిషి వేషం కట్టాడు, తనకేమో ఉన్నది నిజమైన ఊపిరితిత్తుల జబ్బు. ఒక రోజు ఆట మధ్యలో ప్రాణం మీదికొస్తే దాన్ని నవ్వులో కప్పేసి, ఆట పూర్తి చేసి, ఇంటికెళ్లి కొన్ని గంటల్లోనే పోయాడు. "తన దగ్గును కూడా పాత్రకిచ్చేసినాడమ్మా. జనం నవ్వినారు. అంతకంటే ఏం గావాల?" అనేవారు మాస్టారు. ఆ కథలో గొప్పేముందో నాకప్పుడు అర్థం కాలేదు. వింటుంటే భయం మాత్రం వేసేది.

ఎందుకంటే మాస్టారివీ పాడైన ఊపిరితిత్తులే. ఆ జబ్బు సంగతీ, గట్టిగా మాట్లాడొద్దని డాక్టరు చెప్పిన సంగతీ ఆయన భార్య రూతమ్మ గారికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఈయన ఊరుకుంటారా? పరుపులాయన కొడుకు బాటలోనే సొంతంగా ఒక నాటకం రాశారు. అందులో రొయ్యల చెరువుల ఆసామి ఒకడు, చెరువులో ఏ మందు చల్లినా తనకూ ఒక మాత్ర కావాలంటాడు. ఆ వేషం మాస్టారిదే. తన దగ్గు ఎక్కడొచ్చినా కలిసిపోయేలా అడుగడుక్కీ దగ్గు రాసుకున్నారు. పక్కన నిలబడి మాటలందించే పనీ, తెర తాడూ నాకు అప్పజెప్పారు. "నిజంగా పాణం మీదికొస్తే భుజం మీది తువ్వాల కింద పడేస్తా. అప్పుడు తెర దించు. అందాకా గమ్మునుండు" అన్నారు.

స్కూలు వార్షికోత్సవం నాడు ఎండ ఉండగానే ఆట మొదలైంది. జనం పడీపడీ నవ్వుతున్నారు. నాకు చేతిలోని కాగితాల మీద అక్షరాలు కనిపించడం లేదు, ప్రాణమంతా చెవుల్లోనే ఉంది. దూది దుమ్ము పీల్చి పీల్చి నాన్న దగ్గే దగ్గు వింటూ పెరిగినదాన్ని. ఏ దగ్గు ఉత్తుత్తిదో ఏది నిజమో నాకు తెలుసని గర్వం. మూడో రంగంలో మాస్టారు కుర్చీ పట్టుకుని, వంగిపోయి దగ్గారు. అచ్చం నాన్న దగ్గు. తువ్వాలు భుజం మీదే ఉంది. ఉందని చూశాను కూడా. అయినా నా చేతులు తాడు వదిలేశాయి. అంతటితో ఆగానా? మైకు లాక్కుని, మాస్టారికి ఊపిరితిత్తుల జబ్బు, డాక్టరెవరైనా ఉంటే రమ్మని ఊరందరికీ వినిపించేలా అరిచాను.

తెర వెనక ఆయన నిటారుగా నిలబడి ఉన్నారు. ఆయాసం కూడా లేదు.

"ఎంత పని జేసినావు మస్తానమ్మా. అది మీ నాయన దగ్గే. మీ కొట్టు కాడ కూర్చోని నేర్చుకున్నా."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. రెండు నెలల తర్వాత తోటపల్లి గూడూరులో ఆడమని పిలిచారు. అప్పటికి నా అరుపు మండలాలు దాటింది. ఆసామి మొదటిసారి దగ్గగానే నవ్వు రావలసిన చోట "అయ్యో పాపం" అని వినపడింది. రెండో దగ్గుకు ముందు వరసలోంచి ఒక పెద్దావిడ నీళ్ల చెంబు పట్టుకుని వేదిక ఎక్కేసింది. "తాగు నాయనా, మిగతాది తర్వాత జెబుదువులే" అంది. మాస్టారు ఆవిడను చూశారు, తెర పక్కనున్న నన్ను చూశారు. చెంబు తీసుకుని తాగారు. తర్వాత ఒక్క మాట కూడా వదలకుండా నాటకం మొత్తం ఆడారు. ఎవరూ నవ్వలేదు.

తిరుగు దారిలో ఆటోలో మాస్టారు అన్నారు, "తిట్టేవోళ్ల ముందర ఆడొచ్చమ్మా. ఇంత మంచోళ్ల ముందర ఎట్టా ఆడేది?" నాకు ఏడుపు ఆగలేదు. "ఏడవబాక. ఆసామిని ఆడమనిషిగా మార్చి నువ్వే కట్టు. నీకు జబ్బు లేదని అందరికీ తెలుసు" అన్నారు.

ఆయన మళ్లీ వేషం కట్టలేదు. నాటకం కాగితాలు నాకిచ్చి రెండేళ్లు బతికారు. నా వల్ల ఆట మానబట్టే ఆయుష్షు పెరిగిందని రూతమ్మ గారంటారు. అది విని సంతోషపడలేను, కాదనలేను. ఆ వేషం ఇప్పటికీ నేనే కడతాను. మూడో రంగంలో కుర్చీ పట్టుకుని వంగే ముందు ప్రతిసారీ ముందు వరస వైపు చూస్తాను, ఎవరైనా నీళ్లు పట్టుకుని లేస్తారేమోనని. నాన్న దగ్గు దగ్గుతాను, మాస్టారు దగ్గినట్టుగా. జనం నవ్వేదాకా నాకు ఊపిరాడదు.