అడుగు లేని ఓడ

నేవీలో చేరిన మూడో ఏట, ఎండాకాలం సెలవుకు, బొంబాయిలో కొన్న ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని ఊరికి వచ్చాను. అందులో యుద్ధనౌక బొమ్మ తాలూకు ప్లాస్టిక్ ముక్కలున్నాయి. అన్నీ అతికిస్తే మూరెడు ఓడవుతుంది. సరదాకి తెచ్చింది కాదు. ముందటి సెలవులో గొప్పకు పోయి అమ్మతో, "మేం పండుకొనేది నీళ్ల మట్టం కన్నా కింద" అన్నాను. ఆ మాటే నా కొంప ముంచింది.

మా పావగడ వైపు బావిలోకి మనిషి దిగితే పైన గట్టు మీద ఇంకొకరు ఉండి తీరాలి. వరుస కరువులకు ఎండిన బావులను ఏటేటా ఇంకాస్త లోతుకు తవ్వుకుంటున్న కాలమది. కిందివాడు పైకొచ్చేదాకా గట్టు మీది మనిషి అన్నానికి కూడా లేవడు. నాన్న బావిలో దిగిన రోజులన్నీ గట్టు మీద ఉన్నది అమ్మే. "నువ్వు నీళ్ల కింద పండుకుంటే పైన ఎవరుంటార్రా? ఈ తూరి వస్తే నిన్ను పంపేది లేదు" అని జాబు రాయించింది. అన్నంత పనీ చేసే మనిషి. సెలవు దాటితే నేవీ ఊరుకోదు. అమ్మ వద్దంటుంటే బస్సెక్కడం నా వల్ల కాదు. ఓడను కళ్లకు చూపించి, ఆమె నోటితోనే 'పోయిరా' అనిపించుకోవాలని వచ్చాను.

అరుగు మీద అమ్మా, మరో ముగ్గురు ఆడవాళ్లూ విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నారు. వాళ్ల పక్కనే పెట్టె విప్పాను. ముక్కలన్నీ ప్లాస్టిక్ కాడలకు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటే కోసుకోవాలి కదా అని నాన్న గడ్డం బ్లేడు వెతకడానికి లోపలికి వెళ్లాను. తిరిగొచ్చి చూద్దును కదా, ఖాళీ కాడలు ఒక పక్క కుప్ప, ముక్కలన్నీ చేటలో ఇంకో కుప్ప!

"ఏంది చేసినావమ్మా!" అని అరిచాను.

"కాయంతా ఇడిపించినాం కదప్పా. పని తగ్గిస్తే అరుస్తావేంది?"

నంబర్లు ఉన్నది కాడల మీద. ముక్కల మీద గీత కూడా లేదు. ఏది రాడారో, ఏది క్షిపణి గొట్టమో, ఏది ఎక్కడ అతకాలో ఇక ఆ దేవుడికే తెలియాలి. కోపంతో ఆ పూట అన్నం ముట్టలేదు. "యుద్ధానికి పోయే మొగోడు బొమ్మకు అలిగినాడే!" అని ఆడవాళ్లు పడీపడీ నవ్వారు.

మధ్యాహ్నం అమ్మ చేట ముందేసుకుని కూర్చుంది. తడిమి చూసి గింజ లేని తాలుకాయను పక్కన పడేసే వేళ్లు అవి. ఒకే తీరు ముక్కలన్నిటినీ వేర్వేరు కుప్పలు చేసింది. చదువు రాదు గానీ పెట్టెలో వచ్చిన కాగితం మీది బొమ్మలు చూసి, "ఇది దీని జత, చూడు" అని ఒక్కొక్కటే అందించింది. నా పనల్లా జిగురు పూయడమే. నాలుగు రోజులకు ఓడ నిలబడింది. ఆమె మీద అరిచినందుకు సిగ్గేసింది.

అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసింది. అడుగు చదునుగా ఉంది. నీళ్ల మీద తేలుతున్నట్టు కనిపించాలని నీళ్ల పైన ఉండే భాగం మాత్రమే చేసిన బొమ్మ అది. నేను పెట్టె మీది రంగులు చూసి కొన్నానే గానీ ఆ సంగతి చూసుకోలేదు, తెలివిమాలినవాణ్ణి.

"నువ్వు పండుకొనే తావు యాడుండాదిరా?"

"దీంట్లో లేదమ్మా."

"పైనంతా ఫిరంగులు పెట్టినారు. మనిషికి తావు పెట్టలేదా!" అంది. ఆమె ముఖం చూడలేకపోయాను.

సెలవు ఇంకా రెండు రోజులుంది. కంచెలో కిత్తనార మొక్క ఎండిన పూకాడను నరికి తెచ్చాను. బెండులాగా సులువుగా తెగుతుంది. ఓడ అడుగు చెక్కి, లోపల తొలిచి, అగ్గిపుల్లలతో మంచం, మెట్లు పెట్టాను. పైభాగాన్ని అతికించకుండా, ఎత్తి చూసేలా ఉంచాను.

అమ్మ వేలితో మెట్లు లెక్కపెట్టింది. "పైన ఎవరుంటారు?"

"కాపలా ఉంటారమ్మా, రాత్రీ పగలూ."

"వాడు అన్నానికి లేస్తే?"

"ఇంకొకడు వచ్చినాకే లేస్తాడు."

ఓడ పైభాగాన్ని మళ్లీ మెల్లగా మూసింది. తర్వాత, "అట్లయితే పోయిరా" అంది.

మరుసటేడు వచ్చేసరికి ఓడ గూట్లో ఉంది. దాని పైతట్టు మీద ఎర్రటి శెనక్కాయ విత్తనం ఒకటి ఉంది. ఏందమ్మా ఇది అన్నాను.

"నువ్వే. పొద్దున్నే పైకి తెస్తా, పొద్దు గూకితే కింద పండబెడతా. పుచ్చిపోకముందే మారుస్తా."

నాకు నవ్వొచ్చింది. పక్కనే ఉన్న నాన్న మాత్రం నవ్వలేదు. "రేడియోలో తుపాను అన్న మూడు దినాలూ దాన్ని కిందికి దించలేదు. ఈడ గూడా వాన పడింది. ఎన్నాళ్లకో పడిన వానప్పా! ఊరంతా విత్తను పోయినారు. మీయమ్మ గడప దాటలేదు" అన్నాడు.

"గట్టు మీదినుంచి ఎట్ల లేసేది?" అంది అమ్మ.

ఆ మూడు రోజులూ మా ఓడ బొంబాయి రేవులో కట్టేసి ఉంది. నేను ఒడ్డున టీ తాగుతూ వాన చూస్తూ కూర్చున్నాను. ఆ మాట అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.